ఓటు లేని పౌరుల దారి

రోమ్ నగరం దక్షిణపు గోడకున్న సాన్ సెబస్టియానో ద్వారం చేరకముందే, దారి పక్కన నేలలోకి తొలిచిన గుహలో స్కిపియో వంశీకుల సమాధులు ఉన్నాయి. వాటిలో పాతది క్రీ.పూ. 298లో కాన్సల్‌గా చేసిన స్కిపియో బార్బాటస్‌ది. అతని రాతి శవపేటికను ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో పెట్టారు. దాని మీది శాసనం అతని గుణగణాలు, చేసిన పదవులు చెప్పి, ఆ తర్వాత అతను పట్టుకున్న ఊళ్ల పేర్లు చెబుతుంది. రోమ్ శత్రువులైన సామ్నైట్ల దేశంలోని టౌరాసియా అందులో ఒకటి. ఆ పేరును ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఇదే దారిలో చాలా దూరం పోయాక అది మళ్లీ ఎదురవుతుంది.

ఈ దారి వియా ఆపియా. క్రీ.పూ. 312లో సెన్సర్‌గా, అంటే పౌరుల జాబితాలు చూసే అధికారిగా ఉన్న ఆపియస్ క్లాడియస్ వేయించాడు కనుక ఆ పేరు. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట కాడియం కనుమల్లో సామ్నైట్లు ఒక రోమన్ సైన్యాన్ని పూర్తిగా చుట్టుముట్టి, ఆయుధాలు లాక్కుని, ఈటెలతో కట్టిన కాడి కింద వంగి నడిపించి వదిలారు. ఆ అవమానం రోమన్లు మరిచిపోలేదు. దక్షిణానికి సైన్యాన్ని వేగంగా దించాలంటే కాపువా దాకా తిన్నని దారి కావాలి. అలా 195 కిలోమీటర్ల బాట పడింది. ఆపియస్ సెనేట్‌ను అడగకుండానే ఖజానా డబ్బు దీనికి ఖర్చుపెట్టాడని చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. అదే మనిషి విముక్త బానిసల కొడుకులను సెనేట్‌లోకి తెచ్చాడు. నగరంలోని పేదలను ఓటర్ల తెగలన్నిటిలోకీ సర్దాడు. రోమ్‌లో ఒక్కో తెగకు ఒకటే ఓటు. పేదలంతా నగరానికి చెందిన నాలుగు తెగల్లోనే పోగుబడి ఉంటే వాళ్లెన్ని వేలమందైనా లెక్కకు నాలుగు ఓట్లే. క్రీ.పూ. 304లో వచ్చిన సెన్సర్లు వాళ్లను మళ్లీ ఆ నాలుగింటిలోకే కుక్కారు. దారిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఊరి బయట మొదటి కొన్ని మైళ్లు అందరికీ తెలిసినవే. గొడుగుల్లాంటి పైన్ చెట్లు, అరిగిన నల్లరాతి పరుపు, సిసీలియా మెటెల్లా గుండ్రటి సమాధి. 2024లో యునెస్కో ఈ దారిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక ఇక్కడ సైకిళ్ల రద్దీ ఇంకా పెరగక మానదు. నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. పొలాలు, కొండ ఊళ్లు, బతికిన జనం కథలు ముందున్నాయి.

అల్బన్ కొండలు దిగాక దారి పోంటైన్ మైదానంలో గీత గీసినట్టు పోతుంది. పూర్వం ఇదంతా చిత్తడి నేల. కవి హోరెస్ ఇక్కడ రాత్రిపూట కంచరగాడిద లాగే పడవ ఎక్కి, దోమల మధ్య, కప్పల మోత మధ్య కాలవ దాటాడు. ఆ నీటిని పూర్తిగా తోడించింది 1930లలో ముసోలినీ ప్రభుత్వం. ఇప్పుడు ఈ నేల మీద కూరగాయల తోటలు, ప్లాస్టిక్ షెడ్లు. వాటిలో నడుం వంచి పనిచేసే కూలీల్లో వేలమంది పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు. 2016 ఏప్రిల్‌లో వాళ్లు కూలి కోసం పనులు ఆపి లాటినా పట్టణంలో రోడ్డెక్కారు. ఇటలీ తినే కూర పండించే ఈ కూలీల్లో ఎక్కువమందికి ఆ దేశపు ఎన్నికల్లో మాట లేదు. ఇది ఈ నేలకు కొత్త కాదు, అందుకే నాకు మరీ కోపం వస్తుంది.

ఎడమవైపు కొండల్లో ప్రివెర్నమ్ ఉండేది, వోల్షియన్ల ఊరు. క్రీ.పూ. 330లో అది రోమ్ మీద తిరగబడింది. నడిపించినవాడు ఫోండి ఊరి పెద్దమనిషి విట్రూవియస్ వాకస్. అతనికి రోమ్‌లో పాలటైన్ గుట్ట మీద సొంత ఇల్లు కూడా ఉండేది. మరుసటి ఏడు ఊరు లొంగింది. వాకస్‌ను చంపారు, ఆ ఇంటిని నేలమట్టం చేశారు. ప్రివెర్నమ్ వాళ్లకు ఏ శిక్ష తగునని సెనేట్‌లో అడిగితే, స్వేచ్ఛకు తాము అర్హులమనుకునేవాళ్లకు ఏది తగునో అదేనని వాళ్ల దూత జవాబిచ్చాడట. సంధి ఇస్తే ఎన్నాళ్లు నిలుపుకుంటారని అడిగారు. మంచి సంధి ఇస్తే ఎప్పటికీ, చెడ్డదైతే కొన్నాళ్లేనని అన్నాడట. రోమన్ చరిత్రకారుడు లివీ ఈ సంగతి మెచ్చుకుంటూ రాశాడు. ప్రివెర్నమ్ వాళ్లకు చివరికి పౌరసత్వం దక్కింది. ఆ ఏడే సముద్రం ఒడ్డున టెర్రాచీనాలో 300 మంది రోమన్లను దించి, తలా రెండు యూగెరాలు, అంటే సుమారు ఎకరంపావు ఇచ్చారు. ఎకరంపావుతో సంసారం గడవదు. దారి మలుపులో కాపలాకి మాత్రం పనికొస్తుంది.

టెర్రాచీనా దాటితే ఫోండి, ఆ తర్వాత ఫోర్మియా. ఈ రెండు ఊళ్లకూ క్రీ.పూ. 338లోనే రోమన్ పౌరసత్వం వచ్చింది. కారణం లివీ స్పష్టంగా చెప్పాడు: వాళ్ల పొలిమేరల్లోంచి రోమన్ల రాకపోకలకు ఎన్నడూ ఆటంకం కలగలేదు. దారి ఇచ్చినందుకు బహుమానం అన్నమాట. అయితే అది ఓటు లేని పౌరసత్వం. సైన్యానికి మనిషిని పంపాలి, పన్ను కట్టాలి, ఎవరి మీద యుద్ధానికి పోవాలో చెప్పే హక్కు లేదు. వీళ్ల పిల్లలు కార్తేజ్‌తో రెండు యుద్ధాలు చేశారు. ఓటు క్రీ.పూ. 188లో వచ్చింది. నూట యాభై ఏళ్లు. రోమ్ ఉదారంగా పౌరసత్వం పంచి ఎదిగిందని చరిత్ర పుస్తకాలు పొగుడుతాయి. పొరుగు నగరాలతో పోలిస్తే అది నిజమే. కానీ ఆ ఉదారత ఎంత నెమ్మదిగా నడిచిందో ఫోండి వీధుల్లో నిలబడి లెక్కవేయాలి.

కాపువాకీ అదే ఓటు లేని పౌరసత్వం. క్రీ.పూ. 216లో కానే దగ్గర రోమ్ చావుదెబ్బ తిన్నాక ఆ నగరం కార్తేజ్ సేనాని హానిబాల్ పక్షం చేరింది. ఐదేళ్లకు రోమన్లు దాన్ని తిరిగి పట్టుకున్నారు. రోమన్ సేనాని ఫుల్వియస్ ఫ్లాకస్ అక్కడి సెనేటర్లను బెత్తాలతో కొట్టించి తలలు నరికిస్తుండగా రోమ్ నుంచి ఉత్తరం వచ్చింది. విప్పకుండా ఒడిలో పెట్టుకుని, చివరి తల తెగాకే చదివాడు. ఆ తర్వాత కాపువాకి పాలకమండలి లేదు, న్యాయాధికారులు లేరు, సభ లేదు. ఇళ్లు మిగిలాయి, పొలం రోమన్ ప్రభుత్వ భూమి అయింది. బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్ తప్పించుకున్న గ్లాడియేటర్ల శాల ఈ ఊళ్లోదే. క్రీ.పూ. 71లో రోమన్ సేనాని క్రాసస్ తన చేతికి చిక్కిన 6,000 మంది తిరుగుబాటుదారులను కాపువా నుంచి రోమ్ దాకా ఈ దారి పొడవునా శిలువ వేశాడు. ముప్పై మీటర్లకొకటి పడుతుంది. మెటెల్లా సమాధి దగ్గర నిలబడే సందర్శకులకు వీళ్ల గుర్తు ఒక్కటీ కనిపించదు.

కాపువా నుంచి తర్వాత పొడిగించిన దారిలో పోతే, బెనెవెంటోకి ఉత్తరాన టౌరాసియా వాళ్ల పాత భూములు ఉన్నాయి. బార్బాటస్ గెలిచిన ఆ నేల క్రీ.పూ. 180 నాటికి ఖాళీ ప్రభుత్వ భూమి. ఆ ఏడు ఇటలీ ఉత్తరాన కొండల్లో ఉండే లిగూరియన్లను ఇద్దరు సేనానులు లొంగదీసి, సుమారు 40,000 మందిని ఆడవాళ్లూ పిల్లలతో సహా ఇక్కడికి తరలించారు. ఇలవేల్పులనూ పుట్టిన చోటునూ తాతల సమాధులనూ విడిచి రాలేమని వాళ్లు దూతలను పంపి వేడుకున్నారు. ఎవరూ వినలేదు. ఖర్చు ప్రభుత్వానిది, కొత్త ఇళ్లకు కొంత వెండి కూడా ఇచ్చారు. పునరావాస ప్యాకేజీ అంటే ఏమిటో రోమన్లకు మనకంటే ముందే తెలుసు. ఆ నిర్వాసితుల ఊళ్లకు బేబియస్, కార్నీలియస్ అనే ఆ సేనానుల పేర్లే పెట్టారు. ఎవరు వెళ్లగొట్టారో వాళ్ల పేరుతోనే తరతరాలు బతకాల్సి వచ్చింది.

ఇంకా ముందు టరాంటో, బ్రిండిసి, గ్రీసు ఓడలు. నేను వెనోసాలో ఆగాను. క్రీ.పూ. 291లో రోమ్ తానే జనాన్ని దించి లాటిన్ కాలనీగా చేసిన ఊరిది. హోరెస్ పుట్టింది ఇక్కడే, ఒక విముక్త బానిస కొడుకుగా. క్రీ.పూ. 91లో ఇటలీ మిత్రులు పౌరసత్వం కోసం తిరగబడ్డప్పుడు లాటిన్ కాలనీలన్నిటిలో వాళ్లతో చేరింది ఈ ఊరొక్కటే. తిరుగుబాటుదారుల నాణేల మీద ఎద్దు తోడేలును కుమ్ముతూ ఉంటుంది. యుద్ధంలో ఓడినా, అడిగింది సాధించారు. పౌరసత్వం ఇచ్చారు, కానీ కొత్తవాళ్లందరినీ కొన్ని తెగలకే పరిమితం చేశారు, ఆపియస్ నాటి పేదలకు చేసినట్టే. అన్ని తెగల్లో సర్దాలని క్రీ.పూ. 88లో చట్టం తెచ్చిన ట్రిబ్యూన్ సుల్పీసియస్, ఆ ఏటి కాన్సల్ సుల్లా చేతిలోని సేనాధిపత్యాన్ని కూడా అతని ప్రత్యర్థి మారియస్‌కు మార్చాడు. సుల్లా సైన్యంతో సొంత నగరం మీదికే వచ్చి ఆ చట్టాలు రద్దు చేశాడు, సుల్పీసియస్‌ను చంపించాడు. ఆ సమాన ఓటు కోసం ఇటలీ వాళ్లు ఇంకా కొన్నేళ్లు కాచుకున్నారు.