కొండలో మన చెట్లు

ఉమ్ అల్ క్వైన్‌లో కాపురముంటున్న మనకు సముద్రానికి, ఇసుకకు కొదవ లేదు. ఉప్పుటేరు పొడుగునా మడచెట్లూ ఉన్నాయి. లేనిది కొండే. అందుకని 2012 చలికాలంలో ఒక శుక్రవారం తెల్లవారగట్ల మేము నాలుగు కుటుంబాలం పులిహోర గిన్నెలతో సహా ఫుజైరాలోని వాది వురయ్యాకు బయలుదేరాము. మా వెంట గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరున్నారు. అందరికీ ఆమె మామ్మగారే.

దారిలో ఇసుకమేటల మధ్య ఘాఫ్ చెట్లు కనపడగానే, "ఇది జమ్మి కాదుటర్రా!" అన్నారామె. నిజమే. ఈ దేశపు జాతీయ వృక్షం మన దసరా జమ్మి చెట్టే.

హజర్ కొండల్లోని ఈ లోయను 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2010లో రాంసార్ జాబితాలో చేర్చారు. ఏడాది పొడుగునా నీరుండే చోటు ఈ దేశంలో బహు అరుదు. అందుకే ఇక్కడ 200కు పైగా మొక్కల జాతులున్నాయి. నీటి ఒడ్డున గులాబి రంగు గన్నేరు పూసింది. విషమని మేకలు కూడా దాన్ని ముట్టవు. పక్కనే రేగు జాతి చెట్టు, ఇక్కడివాళ్ళ సిద్ర్. దీని ఆకు పొడితో అరబ్బులు తల రుద్దుకుంటారు, మనం కుంకుడుకాయతో రుద్దుకున్నట్టు. హజర్ కొండల్లో అడవి మునగ కూడా ఉంది. దాని గింజల నూనెకు పూర్వం నుంచీ గిరాకీయే.

అన్నిటికన్నా అపురూపమైనది ఒక ఆర్కిడ్. ఈ దేశంలో సహజంగా పెరిగే ఆర్కిడ్ జాతి అదొక్కటే. దాని పువ్వు పేనుబంక వాసన పుట్టిస్తుంది. తన పిల్లలకు పేనుబంక మేత దొరుకుతుందని ఒక రకం ఈగ వచ్చి వాలుతుంది, గుడ్లు పెడుతుంది, పుప్పొడి మోసుకుపోతుంది. మేత మాత్రం దొరకదు! నీటి చెమ్మ లేకపోతే ఆ మొక్క బతకదు.

మధ్యాహ్నం టీ కోసం రేగుచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాము. "పచ్చని చెట్టు కింద నిప్పేమిటి నాయనా?" అని మామ్మగారు వారించారు. నవ్వేశాము. లేచి వచ్చేటప్పటికి కింది కొమ్మ ఆకులు మాడి ఉన్నాయి.

2013లో ఆ లోయను సందర్శకులకు మూసేశారు. చెత్త, మంటలు, రాళ్ళ మీద రాతలు ఎక్కువైపోయాయి. ఆ కబురు విన్నప్పుడు మాలో ఎవరమూ ఎవరినీ తప్పుపట్టలేకపోయాము. మామ్మగారు మాత్రం ఫోనులో, "ఆ రేగుచెట్టు ఎలా ఉందో?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాము.

సభ్యులకు మా మనవి ఒక్కటే. ఈసారి ఏ కొండకు వెళ్ళినా టీ ఫ్లాస్కులో పట్టుకెళ్దాం, చెత్త సంచిలో వెనక్కి తెచ్చుకుందాం.