బంగారుపొడి చల్లిన కలము

మన యిండ్లలో కొన్ని వస్తువులు వాడుటకును, కొన్ని దాచుటకును నుండును. ఇత్తడిచెంబు వాడుటకు, పెండ్లినాటి పట్టుచీర దాచుటకు. కలము వీనిలో ఏ తెగకు జేరినదని విచారింపవలసిన పని సాధారణముగా నుండదు. కాని జపానుదేశమున తయారగు చిత్రపుకలములు కొన్ని మనకీ ప్రశ్నను తెచ్చిపెట్టుచున్నవి. వానిని వ్రాయుటకంటె పెట్టెలలో నుంచుటకే కొనువారు లోకమున పెక్కండ్రు గలరు.

ఆ కలములపై నుండు పనికి జపానుభాషలో మాకియే యని పేరు. చల్లిన చిత్రమని దాని యర్థము. ఉరుషి యను చెట్టుపాలతో నల్లని పూత వేసి, దానిమీద ఎలుకవెండ్రుకల కుంచెతో చిత్రమును గీయుదురు. ఆ గీత ఆరకమునుపే సన్నని గొట్టమునుండి బంగారుపొడిని చల్లుదురు. ఆరినపిమ్మట మఱల పూత, మఱల బొగ్గుతో నునుపుచేయుట. ఇట్లు ఒక్కొక్క కలమునకు నెలలు పట్టును.

దీనిని మన లక్కపనియే యని తలంపరాదు. ఏటికొప్పాక బొమ్మలకు వాడు లక్క పురుగులవలన పుట్టును. ఉరుషి చెట్టునుండి కారును. ఆ చెట్టు మన మామిడికిని జీడిమామిడికిని చుట్టమే. చాకలివారు బట్టలకు గుర్తుపెట్టు నల్లజీడియు ఆ కుటుంబములోనిదే. నల్లజీడి రసము తగిలిన చర్మము పొక్కునట్లే పచ్చి ఉరుషి తగిలినను పొక్కును. పదియేండ్లకు పైగా పెరిగిన చెట్టుకు గాట్లుపెట్టి తీసినను, కాలమంతటికి వచ్చునది సుమారు 200 గ్రాములు మాత్రమే. వింత యేమనగా, మన బట్టలు ఎండలో నారును గాని, ఉరుషి తేమగాలిలోనే గట్టిపడును.

ఈ ప్రాచీనకళ కలముమీదికి వచ్చుటకు కారణము అందముకొఱకే కాదు. 1918లో టోక్యోనగరమున నమికి ర్యోసుకే, వాడా మసావో యనువారు కలముల కర్మాగారము స్థాపించిరి. ఆ దినములలో కలములను రబ్బరును గంధకముతో ఉడికించి చేసిన ఎబొనైటుతో చేయుచుండిరి. మన రాజమహేంద్రవరమున 1932లో ఆరంభమైన రత్నంవారి కలములును ఎబొనైటువే. ఎండ తగిలినకొలది దాని నలుపు వెలిసిపోవును. ఆ లోపమును కప్పుటకై నమికివారు ఉరుషిపూత వేయనారంభించిరి. పూత వచ్చినపిమ్మట చిత్రము వచ్చెను. 1930లో లండనునగరపు డన్‌హిల్‌వారితో ఒడంబడిక కుదిరి, ఆ కలములు దేశదేశములకు బోయెను. వానికి పనిచేసిన శిల్పులలో మత్సుదా గొన్‌రోకు (1896–1986) పేరెన్నికగన్నవాడు. 1955లో జపాను ప్రభుత్వమువారు ఆయనను మాకియే కళకు ప్రతినిధిగా గుర్తించిరి. అట్టివారిని అచ్చటి ప్రజలు జీవించియున్న జాతీయనిధి యందురు. ఆ కర్మాగారము 1938లో పైలట్ అను పేరు ధరించి నేటికిని నడచుచున్నది.

ఇట్టి కలమొకటి మా యింటికిని వచ్చినది. మావారు బడిపంతులు. వారియొద్ద చదువుకొనిన పిల్లవాడొకడు జపానులో ఉద్యోగము చేయుచు, జీతములో మిగిల్చి, దీనిని గురుదక్షిణగా తెచ్చియిచ్చెను. నల్లని పూతమీద రెండు సారసపక్షులు ఎగురుచుండును. మావారు దానిని కన్నులకద్దుకొని, "తప్పులు దిద్దు చేతికి ఇది యెందుకు?" అని బీరువాలో నగలపెట్టె ప్రక్కన నుంచిరి. కొన్నాళ్లకు ఎఱిగినవారొకరు చూచి, సిరా సోకని కలమునకు సేకరించువారు మిక్కిలి వెల యిత్తురనియు, అమ్మాయి పైచదువునకు అక్కఱకు వచ్చుననియు చెప్పిరి. మావారు కాదనలేదు. బడిపంతులు జీతముతో గడచు ఇంటిలో ఆ మాటను తీసివేయుటకు నాకును నోరు రాలేదు.

అయినను ఆ రాత్రి నాకు మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె భాగవతము ధారాళముగా చదివెడిది. వ్రాయుట మాత్రము రాదు. ఆడపిల్లకు వ్రాత నేర్పిన ఉత్తరములు వ్రాయునని పెద్దలు మాన్పించిరట. కాపురమునకు వచ్చినపిమ్మట తల్లికి ఉత్తరము వ్రాయవలెనన్న మఱదిని బ్రతిమాలవలసినదే. మఱది చేత వ్రాయించు ఉత్తరములో కోడలు ఏమి చెప్పుకొనగలదు? అందఱము క్షేమమని వ్రాయించెడిది. ఏండ్లతరబడి ఆమె తల్లికి ముట్టినది ఆ క్షేమమొక్కటియే.

ఈ సంగతి మావారితో చెప్పి, "వ్రాయగల ఆడవారు ఇద్దఱున్న ఇంటిలో కలమునకు తాళము వేయుట నాకు సమ్మతము కాదండీ" అంటిని. వారు చాలసేపు మాటాడలేదు. పిదప, "అట్లయిన మొదట నీవే వ్రాయుము. ఆ పిల్లవాని తల్లికి వ్రాయుము, సంతోషించును" అనిరి. వ్రాసితిని. దాని వెల తగ్గినదని ఆ ఎఱిగినవారు నొచ్చుకొనిరి. అది నిజమే. అమ్మాయి చదువునకై నెలనెల చీటీ కట్టుచున్నాము. అది తేలిక కాదు. కలము ఇపుడు మా యింట అందఱిచేతులలోను తిరుగుచున్నది.

ఇట్టి కలము మీ యింటికి వచ్చినయెడల ఎండ తగులనీయకుడు. ఎండ ఉరుషికి శత్రువు. వేడినీటను, స్పిరిటుతోను కడుగరాదు. మెత్తని నూలుబట్టతో తుడిచిన చాలును. కొన్ని వారములు వ్రాయనిచో సిరా తీసి, చల్లని నీటితో లోపల కడిగి యుంచుడు. తక్కువ వెలకు వచ్చువానిలో కొన్నిటిపై చిత్రము చల్లినది కాక అచ్చువేసినదై యుండును. కొనునపుడు అడిగి తెలిసికొనుడు. అచ్చుబొమ్మ కలమైనను చక్కగా వ్రాసిన మంచిదే. మీ అమ్మగారికి ఉత్తరము వ్రాసి ఎన్నాళ్లయినదో లెక్కించుకొని, సిరా నింపుడు.