అవ్వ దిద్దిన జవాబు

ఎన్‌క్లెక్స్ పరీక్షకు చదవడమంటే లావుపాటి పుస్తకాన్ని కంఠతా పట్టడమే అనుకునేదాన్ని. అమెరికాలో ఏ రాష్ట్రంలో రిజిస్టర్డ్ నర్సుగా పని చెయ్యాలన్నా ఈ పరీక్ష గట్టెక్కాల్సిందే. కంప్యూటరు ముందు అయిదు గంటలు. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. జవాబు సరిగ్గా వుంటే తరువాతి ప్రశ్న ఇంకాస్త కష్టంగా వస్తుంది. 2023 ఏప్రిల్‌లో పద్ధతి కూడా మార్చారు. రోగి వివరాలు ముందుంచి, ఏం గమనించావు, ముందు ఏం చేస్తావు అని మెట్టు మెట్టుగా అడుగుతారు.

బి.యస్సీ. నర్సింగు ముగించి మైపాడు దగ్గర మా పాలెంలో కూర్చుని మెడికల్ సర్జికల్ భాగం చదువుతున్నాను. ఆ వారం పాఠం హార్ట్ ఫెయిల్యూర్. మా అవ్వ జబ్బూ అదే. కాళ్ళ వాపు, పడుకుంటే ఆయాసం. పుస్తకంలో ఉప్పు తగ్గించమని వుంది. అటక మీద కుండలో చూస్తే ఎండు నెత్తళ్ళు! ఇంకేం, నాకు తెలిసిన చదువంతా అవ్వ మీద కుమ్మరించాను. ఆమె ఒక్కమాట మాట్లాడలేదు.

చేపలు తూచే కాటా మీద అవ్వను నిలబెట్టి బరువు చూస్తూ వచ్చాను. నాలుగు రోజుల్లో రెండున్నర కిలోలు పెరిగింది. అది తిండి బరువు కాదు, ఒంట్లో నిలిచిన నీరు.

ఆ రాత్రే అభ్యాసంలో అలాంటి ప్రశ్నే వచ్చింది. “నర్సు ముందు చేయవలసినది ఏది?” ఉప్పు గురించి బోధించడం అని పెట్టాను. తప్పు! మందులు ఎలా వాడుతున్నదో రోగిని అడగడం సరయిన జవాబు.

పుస్తకం మూసి అవ్వ పక్కన కూర్చున్నాను. “నీరు పోయే మాత్ర వేసుకుంటున్నావా అవ్వా?”

“రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే తెల్లార్లూ లేస్తానే వుండాల మ్మే. చీకట్లో దొడ్లోకి ఎట్టా పొయ్యేది? పోయిన నెల జారి పడ్డా. మీకు చెప్పలా. అందుకే మానేశా.”

ఆ మాత్ర ఉదయం పూట వేసుకోవాలని నేను నాలుగేళ్ళలో ఎన్నిసార్లు పరీక్షల్లో రాశానో! ఇంట్లో మాత్రం అడగాలని తోచలేదు.

మరునాడు నెల్లూరులో డాక్టరు గారికి చూపించాం. ఆయన రక్తంలో పొటాషియం పరీక్ష చేయించి, మాత్రను పొద్దుటికి మార్చారు. వారం తిరిగేసరికి కాళ్ళ వాపు దిగింది. నెత్తళ్ళ సంగతిలో మాత్రం అవ్వ ఇంకా పూర్తిగా లొంగలేదు.

పరీక్ష నేనింకా రాయలేదు. రాబోయే చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు ఒక్కటే మనవి. ఎన్ని వేల ప్రశ్నలయినా సాధన చెయ్యండి. కాని మంచం మీది మనిషికి మంచి చెప్పబోయే ముందు, ఒక్క ప్రశ్న మీరు అడగండి. అడిగి, ఆ మనిషి చెప్పేది చివరిదాకా వినండి.