అర ట్యాంకు దిగాక

ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్ పక్కనున్న బీస్టన్‌లో మా పిన్ని కొడుకు ఇంటి ముందు ఆగివుండే బండి 1996 నాటి ల్యాండ్ రోవర్ డిఫెండర్. నూటపది అంగుళాల వీల్‌బేస్, రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజను. ఇంటి దగ్గర తాళం తిప్పగానే బుద్ధిగా స్టార్టవుతుంది. నాటింగ్‌హామ్ వీధుల్లో ఎంతసేపు తిప్పినా చిన్న మిస్ కూడా కొట్టదు. డార్బీషైర్ కొండల్లోకి వెళ్లాక మాత్రం, ఏదో ఒక ఎత్తు మీద పికప్ పడిపోయి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోతుంది. కాసేపాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది.

వాడు దాని మీద తక్కువేం ఖర్చు పెట్టలేదు. డీజిల్ ఫిల్టర్ మార్పించాడు, ఫీడ్ పంపు కొత్తది వేయించాడు. ఒక గరాజ్‌వాళ్లు నాజిళ్లు విప్పి సర్వీస్ చేసి, ఇక ఢోకా లేదన్నారు. తర్వాతి వారమే మళ్లీ ఆగింది. ఇంకో మెకానిక్ డీజిల్ పంపే మార్చాలన్నాడు. దాని ధర విన్నాక మావాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఎలాగూ వస్తున్నావుగా, ఆగినప్పుడు పక్కనుండి చూద్దువుగాని" అన్నాడు. ఒంగోలు పక్క మా బావి మీద ఆయిలింజనుతో కుస్తీ పట్టిన రోజుల్ని వాడింకా మరిచిపోలేదు.

కొత్త బండయితే కంప్యూటర్ తగిలించి కోడ్ చదువుతారు. ఈ ఇంజనులో తగిలించడానికి ఏమీ లేదు. ముందు బండి ఆగాలి, ఆగిన చోట మనం ఉండాలి. అందుకని డార్బీషైర్ కొండలకు బయల్దేరే ముందు రోజు సాయంత్రం బీస్టన్ హైరోడ్డులో రెండు గజాల పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు, నాలుగు క్లిప్పులు కొన్నాను. తిండి సంగతి మా మరదలు చూసుకుంది. పులిహోర, ఆవకాయ, ఒక ఫ్లాస్కు టీ.

శనివారం పొద్దున్నే బంకు దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. ముల్లు సగానికి కాస్త పైన ఉంది. వచ్చేటప్పుడు పోయిద్దాంలే అని ముందుకు పోయాం.

బీస్టన్ దాటగానే చిల్వెల్. 1918 జులై 1న ఇక్కడి ఫిరంగి గుళ్ల కర్మాగారం పేలి 134 మంది చచ్చిపోయారు. వాళ్లలో గుర్తుపట్టగలిగింది 32 మందినే. తర్వాత ఆ స్థలం సైన్యపు వాహనాల డిపో అయింది. ట్రెంట్ నదికి అవతల రడింగ్టన్‌లో ఇంకో డిపో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలు సైన్యం వాడి వదిలేసిన జీపులూ లారీలూ అక్కడే వేలం వేసేవారు. ఇప్పుడు అది రష్‌క్లిఫ్ కంట్రీ పార్కు. పిల్లలు బాతులకు గింజలేస్తున్న ఆ చెరువు గట్టు చూస్తే ఆ సంగతి ఎవరికీ తట్టదు. ఈ చుట్టుపక్కల ఇన్ని ఇళ్ల ముందు ఇన్ని పాత ఫోర్‌వీల్ బళ్లు ఉండటానికి ఆ వేలాలు కూడా ఒక కారణమని నా అనుమానం.

నాటింగ్‌హామ్ నుంచి డార్బీ వెళ్లే ఏ52 రోడ్డుకి బ్రయాన్ క్లఫ్ పేరు పెట్టుకున్నారు. డార్బీనీ, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌నీ రెంటినీ లీగ్ విజేతల్ని చేసిన ఫుట్‌బాల్ కోచ్ ఆయన. ఫారెస్ట్‌కి 1979లో, 1980లో యూరోపియన్ కప్పు తెచ్చిపెట్టాడు. ఒకరంటే ఒకరికి పడని రెండు ఊళ్లు ఒక్క మనిషి విషయంలో ఏకమయ్యాయి. ఆ రోడ్డు మీద మా బండి గంటకు యాభై అయిదు మైళ్లు దాటలేదు. లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. క్యాబిన్‌లో చప్పుడుకి మాటలు వినపడవు, పెద్దగా అరవాలి.

మావాడు అరిచి చెప్పిన దాంట్లో నాకు నచ్చింది బండి పుట్టుక కథ. యాంగిల్సీ దీవిలోని తన పొలంలో మారిస్ విల్క్స్ అనే ఇంజనీరు యుద్ధకాలపు అమెరికన్ జీపు వాడుకునేవాడు. దానికి మారుగా మనమే ఒకటి చేద్దామని మొదలుపెట్టాడు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో మొదటి ల్యాండ్ రోవర్ కనిపించింది. యుద్ధం తర్వాత ఉక్కుకి రేషన్, విమానాల అల్యూమినియం మాత్రం దొరికేది. కాబట్టి బాడీ రేకులు అల్యూమినియంతో చేశారు. 2016 జనవరిలో ఆఖరి పాత డిఫెండర్ సోలిహల్ ఫ్యాక్టరీ దాటేదాకా ఆ పద్ధతే సాగింది. పైరేకు తుప్పు పట్టదు. కిందున్న ఛాసిస్, గొట్టాలు మాత్రం ఇనుమే. ఈ దేశంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైనుంచి చూస్తే బండి నిగనిగలాడుతూనే ఉంటుంది.

యాష్‌బోర్న్ అందమైన ఊరు. ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజూ, మొదలయ్యే రోజూ ఊరు ఊరంతా రెండు జట్లయి ఫుట్‌బాల్ ఆడుతుంది. గోలుకీ గోలుకీ మధ్య మూడు మైళ్లు. మార్కెట్ సెంటర్ నుంచి బక్స్‌టన్ రోడ్డు నిటారుగా లేస్తుంది. రెండో గేరులో పూర్తిగా రేసిచ్చి ఎక్కుతుంటే ఇంజను గొంతు మారింది. ఊరి చివరి ఇళ్లు దాటాక ఒక కుదుపు, ఇంకో కుదుపు. పక్కనే పొలంలోకి గేటున్న జాగాలోకి మావాడు బండిని దొర్లించాడు. వాడి ముఖంలో దిగులు, నాకు లోపల సంతోషం.

"ఏం చేయకు. సెల్ఫ్ కొట్టు, నేను వెనక నుంచుంటాను" అన్నాను.

సైలెన్సర్ గొట్టంలో పొగ లేదు. డీజిల్ ఇంజనులో ముందు చూడాల్సింది పొగనే. సెల్ఫ్ తిరుగుతుంటే తెల్ల పొగ వస్తే డీజిల్ అందుతోంది గానీ మండటం లేదని. నల్ల పొగయితే డీజిల్ ఎక్కువయింది, లేదా గాలి చాలట్లేదు. అసలు పొగే లేకపోతే సిలిండర్‌లోకి డీజిల్ పోవడమే లేదు. నాజిళ్ల మీద పెట్టిన డబ్బంతా అక్కడే వృథా అని తేలింది. తాళం తిప్పి చెవి పెడితే, డీజిల్‌ని ఆపే స్టాప్ సోలినాయిడ్ టిక్కుమంది. దానికి కరెంటు వస్తోంది. ట్యాంకు మూత తిప్పాను. గాలి రంధ్రం పూడుకుపోయి ఉంటే లోపల వాక్యూమ్ ఏర్పడి, మూత తీయగానే బుస్సుమంటుంది. ఏ చప్పుడూ రాలేదు. ఫిల్టర్ కింది డ్రెయిన్ వదిలితే శుభ్రమైన డీజిలే వచ్చింది, నీటి చుక్క లేదు. ఇక్కడి బంకుల్లో డీజిల్‌లో ఏడు శాతం దాకా బయోడీజిల్ కలవొచ్చు. అది తేమను పీల్చుకుంటుంది. నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి బురదలా ఫిల్టర్‌కి అడ్డం పడతాయి. ఆ జాడా లేదు.

ఇంతలో గేటవతల నుంచి ఒక ముసలి రైతు, కుక్క వచ్చారు. ఇక్కడి యాసలో "ఏయప్ మీ డక్" అని పలకరించి, మా బానెట్‌లోకి తొంగిచూసి, పని చేసుకోవడానికి తన దొడ్డి వాడుకొమ్మన్నాడు. చేతి పంపు కొట్టి స్టార్ట్ చేసి లోపలికి తీసుకెళ్లాం. డీజిల్ కావాలా అనడిగి తనే నవ్వాడు. ఆయన డ్రమ్ములో ఉన్నది పొలం పనులకు పన్ను తగ్గించి అమ్మే డీజిల్, ఎర్ర రంగు కలిపి ఉంటుంది. రోడ్డు మీద తిరిగే బండి ట్యాంకులో ఆ ఎరుపు కనిపిస్తే జరిమానా తప్పదు.

ఫిల్టర్‌కీ డీజిల్ పంపుకీ మధ్య గొట్టం తీసి నా పారదర్శక ట్యూబు పెట్టాను. ఐడిల్‌లో డీజిల్ తేటగా పోతోంది, ఎప్పుడో ఒక బుడగ. రేసిచ్చి పట్టుకోమన్నాను. కాసేపటికి బుడగలు గొలుసు కట్టాయి.

"ఎయిర్ పట్టింది" అన్నాను. మా ఊళ్లో ఈ మాట వినని రైతు లేడు. నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. కారు టైర్లో ఉండేది రెండూ మూడూ బార్లే. డీజిల్‌ని నొక్కితే నొక్కుకోదు కాబట్టి పంపు ఆ ఒత్తిడి పుట్టించగలదు. గాలి నొక్కుకుంటుంది, పంపు చాకిరీ అంతా బుడగను నలపడంతో సరి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ తాగుతుంది, గొట్టంలో లాగుడు పెరుగుతుంది, గాలీ ఎక్కువ దూరుతుంది.

గాలి ఎక్కణ్ణుంచి అన్నదే ప్రశ్న. కారే గొట్టమయితే తడి కనిపిస్తుంది. ఇది లాగే గొట్టం, బయటికేమీ కారదు, లోపలికి పీలుస్తుంది. వెతికే దారి, లైన్‌ని సగం సగంగా విడదీసి చూడటమే. ఫీడ్ పంపు వెనక గొట్టం తీసి, మావాడు వెంట తెచ్చుకునే ఇరవై లీటర్ల డీజిల్ డబ్బాలో ముంచాను. ఎంత రేసిచ్చినా ఒక్క బుడగ లేదు. అంటే ఇంజను, ఫిల్టర్, కొత్త ఫీడ్ పంపు, మార్చమన్న డీజిల్ పంపు అన్నీ నిర్దోషులు. డబ్బాను బండి వెనక్కి మోసుకెళ్లి వాటర్ సెపరేటర్ దగ్గర కలిపాం. అక్కడా శుభ్రమే. మిగిలింది ట్యాంకూ దాని మీద మూరెడు గొట్టమూ.

టీ తాగుతూ మావాణ్ణి ఆగిన తేదీలన్నీ చెప్పమన్నాను. వాడు ఫోన్‌లో ఫోటోలు చూసి చెప్పాడు. ఆగిన ప్రతిసారీ ఫోటో తీసి స్నేహితులకు పంపడం వాడి అలవాటు. బ్యాంకు లెక్క కూడా తెరవమన్నాను. డీజిల్ పోయించిన తేదీలు పక్కన పెడితే, ఆగినవన్నీ నింపాక రెండొందల మైళ్ల తర్వాతే. గరాజ్‌కి ఇచ్చే ముందు మర్యాదగా ట్యాంకు నింపి ఇచ్చేవాడు. వాళ్లు ఎంత తిప్పినా అందుకే ఆగలేదు.

"డబ్బాలోది ట్యాంకులో పొయ్యి" అన్నాను. పోసి, గొట్టాలన్నీ యథాతథంగా బిగించి, ఎయిర్ తీసి, మళ్లీ రేసిచ్చాం. బుడగలు లేవు. రైతు కూడా వంగి చూసి తలూపాడు.

మిగిలిన దారి హాయిగా గడిచింది. సున్నపురాతి గోడల మధ్య ఏ515, గొర్రెలు, రైలు పట్టాలు పీకేసి నడకదారి చేసిన టిసింగ్టన్ ట్రయిల్. ఈ కొండల ప్రాంతం పేరు పీక్ డిస్ట్రిక్ట్, 1951లో బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనం అయింది. 1932లో మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులు జమీందార్ల కాపలాను తోసుకుని ఇక్కడి కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు, కొందరు జైలుకూ పోయారు. నడిచేవాళ్ల హక్కు అలా వచ్చింది. పాత మట్టిదారుల్లో బండి నడిపే హక్కు మాత్రం తగ్గుతూ వచ్చింది. 2006 చట్టంతో చాలా దారులు మోటారు బళ్లకు మూసుకుపోయాయి. స్టానేజ్ దగ్గరి లాంగ్ కాజ్‌వే తర్వాత విడిగా ఇచ్చిన ఉత్తర్వుతో మూతపడింది. మావాడికి అది అన్యాయం. చక్రాలు తవ్విన గాళ్లు చూశాక నేను నడిచేవాళ్ల వైపే. ఈ వాదన బక్స్‌టన్ దాకా సాగి, బంకు దగ్గర ఆగింది.

తిరుగు దారిలో వాడడిగాడు, ఇంత పాతకాలపు విద్య నీకెవరు నేర్పారని. నేర్పింది మా బావి ఇంజనే. దాని మూలాలు ఈ దగ్గర్లోనే ఉన్నాయి. నాటింగ్‌హామ్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్లలో గ్రాంథమ్ ఉంది. హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువార్ట్ పేటెంటుతో హార్న్స్‌బీ కంపెనీ 1892లో అక్కడ ముతక నూనెతో నడిచే ఇంజన్లు అమ్మడం మొదలుపెట్టింది. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను నడిచి చూపించింది 1897లో. మన పల్లెల ఆయిలింజన్లకి తాతలు ఈ ఇంజన్లే. నూట ముప్పై ఏళ్లలో ఎన్నో మారాయి, గొట్టంలో గాలి సమస్య మాత్రం అలాగే ఉంది.

తర్వాతి ఆదివారం వాకిట్లో జాకీల మీద ట్యాంకు దించాం. డీజిల్ లాగే గొట్టం పైభాగంలో, మూతకు నాలుగు వేళ్ల కింద, తుప్పు పొరలు లేచి ఉన్నాయి. గోరుతో గీస్తే సూదిమొన పట్టేంత చిల్లు. ట్యాంకు నిండుగా ఉంటే ఆ చిల్లు డీజిల్‌లో మునిగి ఉంటుంది, పీల్చినా డీజిలే పీలుస్తుంది. మట్టం దిగితే గాలి. కొత్త గొట్టం ధర నాజిళ్ల సర్వీసు బిల్లులో పదో వంతు కూడా లేదు.

బాగయిందని ఊరికే నమ్మలేం కదా. ముల్లు పావు దగ్గరికి దిగేదాకా వారమంతా తిప్పి, డబ్బా వెనక పడేసుకుని, మళ్లీ యాష్‌బోర్న్ ఎత్తుకే పోయాం. రెండో గేరు, ఫుల్ రేసు. ముసలాయన గేటు దాటి, టిసింగ్టన్ దాటి, బక్స్‌టన్ చేరేదాకా ఒక్క కుదుపు లేదు. చలిపొద్దుల్లో స్టార్ట్ చేస్తే మాత్రం తెల్ల పొగ ఇంకా వస్తోంది. అది హీటర్ ప్లగ్గుల సంగతి, మీటర్ పెట్టి ఒక్కొక్కటే చూడమని చెప్పి వచ్చాను.