తోలు ముట్టని పాఠం



నాటకం పాఠం వచ్చిన ప్రతిసారీ సిలబస్ ఒకే పేరుతో మొదలవుతుంది: ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. మా రాప్తాడు పక్కనున్న ధర్మవరంలో పుట్టి, బళ్లారిలో వకీలుగా ఉంటూ నాటకాలాడించాడు. ఆయన గొప్పతనంతో నాకు పేచీ లేదు. పేచీ ఆ మొదలుతోనే.

1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’ ఆడిన వనారస వాళ్లు అంతకుముందు తోలుబొమ్మలాట వాళ్లు. దీపం, తెర, తోలు. వీటితోనే ఊరూరా రామాయణం చూపించిన జనం, తామే తెర ముందుకొచ్చారు. ఆడవేషాలు మగవాళ్లు కట్టే కాలంలో ఇంటి ఆడవాళ్లను రంగం మీదికి తెచ్చారు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుకు రంగులద్దుతున్నారు. తోలు మీద రాముడుంటే ఊరు దండం పెట్టింది. తోలు పని చేసిన మాదిగను మాత్రం ఊరి బయటే ఉంచింది.

పిల్లలూ, పితామహుడి పేరు రాసుకోండి. దాని పైన ఒక గీత ఖాళీ వదలండి.