బాకా ఊదు వృత్తి

మన పాఠశాల వార్షిక సంచికలో బ్యాండును గూర్చి వ్రాయునప్పుడు, క్రిస్మసునాడును క్రీడోత్సవమునాడును బాలురు వాయించిన పాటల పట్టిక నిచ్చి యూరకుండుట వాడుక. ఈ పర్యాయము పట్టికను విడిచి, ఇత్తడి వాద్యములను వాయించుటయు నేర్పుటయు వృత్తిగా గలవారిని గూర్చి కొంత వ్రాయ దలచితిమి. కారణ మేమనగా, బ్యాండులో క్రొత్త బాలురను చేర్చుకొనునప్పుడెల్ల తలిదండ్రులు కొందరు మమ్మును ప్రక్కకు పిలిచి, "మావాడు రేపు పెండ్లి బ్యాండులో బాకా ఊదుకొని బ్రతుకవలయునా?" అని యడుగుచుందురు. తెలుగులో బాకా ఊదుట యనగా నొకరి గొప్పను పదుగురిలో చాటుట యనియు అర్థము గలదు. ఆ పలుకుబడిలోనే కొంత చులకన యున్నది. ఇరువది యేండ్లకు పైగా పగలు లెక్కలు చెప్పుచు, సాయంకాలము నిజమైన బాకాను ఊద నేర్పుచున్న మాకు ఆ ప్రశ్న క్రొత్తది కాదు. నోటితో చెప్పిన సమాధానము గేటు దాటకమునుపే మరవబడుచున్నది గనుక అచ్చులో నిచ్చుచున్నాము.

వాద్యమెట్టిదో తెలియక వృత్తిని నిందించుట తగదు. కార్నెట్టు గొట్టమును చుట్టలు విప్పి చాచినయెడల సుమారు 4½ అడుగులుండును. ట్రాంబోను 9 అడుగులు. గొట్టమునకు తనంతట నాదము లేదు. ఊదువాని పెదవులు మౌత్‌పీసులో అదరినప్పుడే అది పలుకును. మీటలేవియు నొక్కక పెదవుల బిగువును మాత్రము మార్చుచు ఊదినచో స, ప, పై స, దానిపై గ, ప మొదలగు కొన్ని స్వరములే వచ్చును. సైనికుల బిగిలు కూతలన్నియు ఈ కొద్ది స్వరములతో కట్టబడినవే. నడుమనున్న స్వరములను పట్టుటకై జర్మను దేశస్థులగు స్టోల్ట్సెల్, బ్లూమెల్ అనువారు వాల్వును కనిపెట్టి, 1818లో ప్రష్యా రాజ్యమునుండి దానికి పేటెంటు పొందిరి. నడిమి మీట స్వరమును అరమెట్టు దించును. మొదటిది ఒక మెట్టు, మూడవది ఒకటిన్నర మెట్టు. వ్రేళ్ల పని యింతే. ఎక్కాలు వచ్చిన బాలుడు వారము దినములలో దీనిని నేర్చుకొనగలడు. పెదవులకు మాత్రము సంవత్సరములు పట్టును.

మొదటి నెల మేము వాద్యమును చేతికియ్యము. మౌత్‌పీసు నొక్కదానినే యిచ్చి తుమ్మెదవలె రొద చేయించెదము. ఆ నెలలో హాస్టలు వార్డెనుగారు మాతో ముక్తసరిగా మాటలాడుదురు. పిమ్మట దీర్ఘస్వరము. ఒకే స్వరమును మెల్లగా నారంభించి, వణకకుండ పెంచి, మరల తగ్గించి విడువవలెను. బుగ్గలు ఉబ్బించి ఊదువాడు త్వరగా అలసిపోవును. నడుమువరకు నిండునట్లు ఊపిరి తీసి దానిని పొదుపుగా ఖర్చుచేయువాడు నిలుచును. ఎంగిలి యని సంకోచించు తల్లులకు ఒకమాట: వాద్యమునుండి బాలురు నేలపై విడుచు నీరు చాలమట్టుకు ఉమ్మి కాదు. అన్నపు గిన్నె మూతకు నీరు పట్టినట్లే, ఊపిరిలోని ఆవిరి చల్లని లోహమునకు తగిలి నీరగుచున్నది. అయినను ఒకరి మౌత్‌పీసును మరియొకరికి మేమియ్యము.

ఇక గౌరవము మాట. మోషే చేయించిన రెండు వెండి బూరలను ఊదు పని అహరోను కుమారులగు యాజకులకే నియమింపబడెనని సంఖ్యాకాండమును చదివినవారెరుగుదురు. అది పురాతన సంగతి యందురేమో. మన బాలురు ప్రతి సాయంకాలము వాయించు అభ్యాసములలో పెక్కింటిని వ్రాసిన జాన్ బాప్టిస్ట్ ఆర్బాన్ 1825లో ఫ్రాన్సు దేశపు లియోను నగరమున జన్మించెను. ఆయన కాలములో కార్నెట్టు నృత్యశాలల వాద్యమని తక్కువగా చూచువారు అక్కడను ఉండిరి. ఆయన దానినే పట్టుకొనెను. 1857లో సైనిక విద్యార్థులకు సాక్స్‌హార్ను నేర్పు ఉపాధ్యాయుడై, 1864లో తన గొప్ప అభ్యాస గ్రంథమును ప్రకటించి, 1869లో పారిసు సంగీత విద్యాలయమున కార్నెట్టునకు ఆచార్యపీఠము వచ్చినప్పుడు దానిని అధిష్ఠించెను. ఆయన 1889లో మరణించెను. ఆయన వాయించినది నేడెవ్వరును వినలేదు. ఆయన పాఠములను మాత్రము కార్నెట్టు, ట్రంపెట్టు నేర్చువారు దేశదేశములలో నేటికిని వాయించుచున్నారు.

దీనికంటె మాకు ప్రియమైన కథ మరియొకటి. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున 1912 సంవత్సరము ముగియు రాత్రి, పదునొకండేండ్ల నీగ్రో బాలుడొకడు సంబరముగా వీథిలో పిస్తోలు కాల్చి పట్టుబడి, దిక్కులేని పిల్లల శిక్షణాలయమునకు పంపబడెను. అచ్చట పీటర్ డేవిస్ అను ఉపాధ్యాయుడు బ్యాండు నడుపుచుండెను. ఆయన మొదట ఈ బాలుని నమ్మలేదు. కొన్నాళ్లు చూచి టాంబొరీను ఇచ్చెను, పిదప డోలు, పిదప బిగిలు, తుదకు కార్నెట్టు. ఆ బాలుడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగు. 1971లో మరణించునాటికి ఆయనను ఎరుగని దేశము లేదు. డేవిస్ పేరు ఎరిగినవారు కొద్దిమంది. ఉపాధ్యాయుల వృత్తియే యట్టిది గనుక దీనిని గూర్చి మేము దుఃఖింపము.

మన పట్టణములలోని పెండ్లి బ్యాండువారిని చులకన చేయువారు ఒక్క రాత్రి వారి వెంట నడచి చూడవలయును. విడిది మొదలుకొని మంటపమువరకు నడుచుచు గంటలకొలది ఊదుదురు. కూర్చుండి ఊదుటకును నడుచుచు ఊదుటకును ఎంత భేదమో మన బాలురకు క్రీడోత్సవ దినమున తెలియును. నిన్న విడుదలయైన సినిమా పాటను నేడు చెవితోనే పట్టి వాయింతురు. వారి చేతులలోని వాద్యములు పెక్కులు మీరట్ నగరపు జాలీకోఠీ వీథినుండి వచ్చినవి. అచ్చట నాదిర్ అలీ కంపెనీ 1885లో స్థాపింపబడెను. మాఘము, ఫాల్గుణము, వైశాఖము వారికి పంటకాలము. ఆషాఢము వచ్చినను, మూఢము వచ్చినను పొయ్యి వెలుగుట కష్టము. డి.జె. పెట్టెలు వచ్చినపిమ్మట ఆ పంటయు సగము పోయినది.

మా విద్యార్థులలో నొకని తండ్రి యట్టివాడే. యుఫోనియము ఆ బాలునికి బాగుగ అబ్బినది. నిరుడు వాడు తొమ్మిదవ తరగతిలో నుండగా, మాఘమాసమున తండ్రి చేతికి దెబ్బ తగిలి, బ్యాండులో మనిషి తక్కువయ్యెను. బాలుడు రాత్రులు పెండ్లిండ్లకు పోయి పగలు బడి మానజొచ్చెను. మేము నేర్పిన విద్యయే వానిని తరగతినుండి లాగికొనిపోవుచున్నదని మాకు మిక్కిలి వేదన కలిగినది. వాని కూలి డబ్బుతోనే ఆ యింట బియ్యము వచ్చుచున్నవని తెలిసినందున, గద్దించుటకు నోరు రాలేదు. ఒక సాయంకాలము వారి యింటికి వెళ్లితిమి. చెప్పదలచిన మాటలన్నియు దారిలో కూర్చుకొంటిమి గాని, కట్టు కట్టిన చేతితో ఆ తండ్రియే ముందుగా మాటలాడెను. "పంతులుగారూ, పాట వినిపిస్తే నేనూ వాయిస్తానండి. కాగితం చూసి వాయించడం మా వంశంలో వీడికే వచ్చింది. దాన్ని నేను ఆపనండి. ఒప్పుకున్న పెళ్ళిళ్ళు రెండున్నాయి, మాటిచ్చేశాను. అవి కానివ్వండి, తర్వాత బడికి నేనే తీసుకొస్తాను."

మేము కాదనలేదు. రెండు పెండ్లిండ్లును జరిగినవి. మూడవ దినమున బాలుడు తండ్రితో కూడ గేటువద్ద నుండెను. తప్పిన లెక్కలను మధ్యాహ్న భోజన విరామములలో చెప్పితిమి. వాడిప్పుడు పదవ తరగతిలో నున్నాడు. సైన్యపు బ్యాండులో చేరవలెనని వాని కోరిక. మన సైన్యమువారి సంగీత శిక్షణాలయము మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో 1950లో నెలకొల్పబడినది. ఏటేట జనవరి 29న ఢిల్లీలో జరుగు బీటింగ్ రిట్రీట్ ఉత్సవమునందు సైనిక బ్యాండుల వాద్యమును అందరును వినవచ్చును. పోలీసు శాఖలకును బ్యాండులు గలవు. జీతము, పింఛను గల కొలువులను గూర్చి యడుగు తలిదండ్రులకు ఈ మాత్రము చెప్పుట చాలునని తలచుచున్నాము.

ఈ సంవత్సరము క్రిస్మసునకై పురుషోత్తమ చౌధరిగారి (1803–1890) కీర్తన నొకదానిని బ్యాండుపై సిద్ధపరచ బూనితిమి. ఇంగ్లీషు కీర్తనలు మన బాలురకు సులభము. తెలుగు కీర్తనయే కష్టము. కార్నెట్టు వాయించువాడు తన కాగితముపై చూచు 'స' హార్మోనియముపై ఒక మెట్టు క్రిందుగా పలుకును గనుక, మొదట అందరి కాగితములను మార్చి వ్రాయవలసివచ్చెను. అది లెక్క; చేసితిమి. లెక్కకు లొంగనిది గమకము. మీటలు స్వరమును మెట్టుమెట్టుగా దించును. మన పాట మెట్ల నడుమ జారును. ట్రాంబోను వారికి జారుడు గొట్టమున్నది గనుక చిక్కు లేదు. కార్నెట్టు వారు వాయించినది మాత్రము డ్రిల్లు కవాతువలె నుండెను.

ఒక సాయంకాలము ఆ తండ్రి, చేయి నయమైనవాడై, కుమారుని తీసికొనిపోవుటకు వచ్చి వెనుక బల్లపై కూర్చుండి వినుచుండెను. పాట ముగిసినపిమ్మట మా యనుమతి నడిగి, చొక్కా జేబులోనుండి తన మౌత్‌పీసును తీసి, మా కార్నెట్టునకు తగిలించి, పల్లవి నొక్కసారి వాయించెను. మీటను సగమే నొక్కి, పెదవిని సడలించి, స్వరమును జార్చుచుండెను. గదిలో నెవ్వరును కదలలేదు. కుమారుడు పెన్సిలు తీసికొని ఆ జారుడును అయిదు గీతలమీద నెట్లు గుర్తింపవలెనో తెలియక మూడుసార్లు చెరిపి వ్రాసెను. తండ్రి మరల మరల వాయించి వినిపించెను. ఆ కాగితము మూడవ కార్నెట్టు వాయించు బాలుర స్టాండుమీద నేటికిని ఉన్నది.