కార్ల బాడుగ

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని మన యూనియన్ కార్యదర్శి అడిగినాడు. ప్రేమ మీద వ్రాసేవాళ్ళు, దేశాభివృద్ధి మీద వ్రాసేవాళ్ళు ఎటూ ఉన్నారు గనుక నేను బాడుగ మీద వ్రాస్తానన్నాను. "ఇంటి బాడుగా?" అన్నాడు పాపం. కాదు, కార్ల బాడుగ. ఫ్యాక్టరీ నుంచి షోరూము దాకా కొత్త కార్లను మోసుకుపోయే పొడుగాటి ట్రైలర్లుంటాయే, వాటి బాడుగ. మా చిన్నాయన ఆ ట్రైలరు డ్రైవరు. నా మెస్ బిల్లు ఆయన బత్తాలోంచే వస్తుంది కాబట్టి ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉందనే అనుకుంటున్నాను.

చిన్నాయన మొదట శెనక్కాయల లారీ తోలేవాడు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలైనాక ఇటు మారినాడు. శెనక్కాయలకైతే టన్నుకింత అని బాడుగ. కార్లకు అట్ల కుదరదు. ఒక్కో కారు టన్నుంపావు, టన్నున్నర తూగుతుంది. ఏడెనిమిది ఎక్కించినా ట్రైలరుకు అదొక బరువే కాదు, కాని చోటు నిండిపోతుంది. ఇక్కడ అమ్మేది చోటు. 2018లో కేంద్రం లారీల యాక్సిల్ బరువు పరిమితి పెంచినప్పుడు సిమెంటు, ఇనుము తోలేవాళ్ళకు పనికొచ్చింది గాని కార్ల ట్రైలరుకు ఒరిగిందేమీ లేదు. ఎనిమిది చిన్న కార్లు పట్టే చోట పెద్దవి ఆరో ఏడో పడతాయి. డీజిలూ, టోలూ, డ్రైవరూ మాత్రం అవే. అందుకే పెద్ద కారుకు బాడుగ ఎక్కువ.

అసలు కిటుకు తిరుగు ప్రయాణంలో ఉంది. "పొయ్యేటప్పటి బాడుగ అందరికీ తెలుసు రా అబ్బీ, వచ్చేటప్పటిది ఎవడిస్తాడు?" అంటాడు చిన్నాయన. ఢిల్లీకి పోతే పక్కనే గుర్‌గావ్, మానేసర్లలో మారుతి ఫ్యాక్టరీలున్నాయి, దక్షిణాదికి లోడు దొరికే ఆశ ఉంటుంది. గువాహటికి పోతే? ఈశాన్యంలో కార్ల ఫ్యాక్టరీయే లేదు. ట్రైలరులో వంకాయలు వేసుకురాలేము గదా! వట్టి బండే రావాల. కాబట్టి కిలోమీటరు లెక్కన ఢిల్లీకంటె గువాహటి బాడుగ ఎక్కువ పలకాలి. అందులో సగం రాని కార్లకు కట్టే బాడుగ.

కంపెనీలు టెండరు పిలిచి, ఏ ఊరికి కారుకెంత అని పెద్ద ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టర్లతో ముందే ఖాయం చేసుకుంటాయి. రైలు కూడా పోటీకి వచ్చింది. కార్లకోసం ప్రైవేటువాళ్ళు గూడ్సు రైళ్ళు నడుపుకొనే పథకం 2010లో పెట్టినారు. దూరప్రయాణాలకు రైలు రేటు దాటి లారీ బాడుగ పోలేదు. ఇక కాంట్రాక్టరు తన బండ్లు చాలనప్పుడు బయటి బండ్లను పిలుస్తాడు, ఆ రేటు రోజుకొక తీరు. దసరా ముందర బండి దొరకదు, రేటు ఎక్కుతుంది. ఆషాఢంలో కొత్త కారు కొనేవాడెవడు? దిగుతుంది. బస్సు టికెట్టుకు ప్రభుత్వం రేటు కడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం సరుకు బండ్ల బాడుగ మీద కూడా రాష్ట్రానికి ఆ అధికారం ఉంది. ఉండి ఏం లాభం, లారీ బాడుగ బజారుకే వదిలేసినారు.

ఇదంతా నేను పరీక్షల కోసం చదివింది కాదు. చిన్నాయనను ఒక కాంట్రాక్టరు పాత ట్రైలరు అప్పు మీద కొనుక్కుని తన కింద తిప్పుకోమంటున్నాడు. మా ఇంట్లో ఇప్పుడు అదే మాట. నేను నోటుబుక్కులో లెక్క కట్టినాను. తిరుగు లోడు దొరికితే కంతు కట్టి నాలుగు డబ్బులు మిగులుతాయి, నెలకు రెండు ట్రిప్పులు వట్టిగా వస్తే కంతే కట్టలేము. డీజిలు పెరిగితే బాడుగ సవరించే షరతు పెద్ద కాంట్రాక్టుల్లో మామూలే, కాని అది కంపెనీకీ కాంట్రాక్టరుకూ మధ్య. కింద బండి పెట్టినవాడికి నోటిమాటే. స్టాకుయార్డులో లోడు కోసం మూడు రోజులు పడిగాపులు కాస్తే ఆ మూడు రోజులకూ పైసా లేదు. దించేటప్పుడు కారు మీద చిన్న గీత కనబడితే మాత్రం బిల్లులో కోత ఖాయం.

బయానా ఇవ్వడానికి వినాయక చవితి దాకా గడువిచ్చినారు. వట్టి కిలోమీటర్లకు ఎంతిస్తారో కాగితం మీద పెట్టించుకోమని నేనంటున్నాను. అట్ల అడిగితే బండే పెట్టనీయరేమోనని ఆయన భయం. పిన్నమ్మ ఇంకా ఏమీ అనలేదు. పుస్తెలతాడు తాకట్టు పెట్టవలసింది ఆమే.